ఒకే అలమారలో నవల, శాస్త్రం: విజ్ఞానచంద్రికా గ్రంథమండలి గ్రంథాల ఎంపిక – ఒక పరిశీలన

ప్రవేశిక

గ్రంథాలయాల్లో పుస్తకాలను విషయానుసారంగా అమర్చడం స్థిరపడిన పద్ధతి. డ్యూయీ దశాంశ వర్గీకరణను అనుసరించే గ్రంథాలయంలో తెలుగు సాహిత్యం 894.827 సంఖ్య కింద, జీవశాస్త్రం 570 కింద, భారతదేశ చరిత్ర 954 కింద చేరుతాయి. కావలసిన పుస్తకం దొరకడానికి ఈ పద్ధతి ఎంతో ఉపకరిస్తుంది. అయితే దీనివల్ల ఒక విషయం మరుగున పడుతుంది. వేలాల సుబ్బారావు నవల ‘రాణీ సంయుక్త’, ఆచంట లక్ష్మీపతి ‘జీవశాస్త్రము’, చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ ఒకే సంస్థ ఒకే వరుసలో వెలువరించిన పుస్తకాలన్న సంగతి ఆ సంఖ్యల్లో కనిపించదు. సాహిత్య చరిత్రలు కూడ దాదాపు ఇదే విభజనను పాటించాయి. నవలను నవలావికాస ప్రకరణంలో చర్చించి, శాస్త్రగ్రంథాన్ని వచన వాఙ్మయంలో ఒక పేరాకు పరిమితం చేశాయి. ఫలితంగా విజ్ఞానచంద్రికా గ్రంథమండలి సాహిత్య చరిత్రలో ప్రశంసకు నోచుకొన్నదే కాని విమర్శకు పెద్దగా నోచుకోలేదు.

కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు ప్రభృతుల కృషితో 1906లో హైదరాబాదులో ఏర్పడిన ఈ మండలి 1908లో మదరాసుకు తరలింది. జీవితచరిత్రలు, దేశచరిత్రలు, ప్రకృతిశాస్త్రాలు, అర్థశాస్త్రం, నవలలు ఈ మండలి ప్రచురణల్లో పక్కపక్కన నిలిచాయి. ఈ ఎంపికనే ఒక పాఠంగా స్వీకరించి, అది ఎటువంటి పాఠకుడిని ఊహించింది, ఆ పాఠకుడికి ఏమి ఇచ్చింది, ఏమి ఇవ్వలేకపోయింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మండలి జిజ్ఞాసువైన తొలి పాఠకుడిని రూపొందించగలిగింది. ఆ పాఠకుడు తరువాత ఎక్కవలసిన రెండవ మెట్టును మాత్రం నిర్మించలేకపోయింది. తెలుగులో నవలకు, శాస్త్రానికి మధ్య తరువాత ఏర్పడిన ఎడానికి ఈ లోపం ఒక ముఖ్య కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మూడు చంద్రికలు

మండలి పేరే పరిశీలించదగినది. ఆధునిక తెలుగు వచన చరిత్రలో ‘చంద్రిక’ అన్న మాట మూడు ముఖ్య సందర్భాల్లో కనిపిస్తుంది. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వెలువడింది. కందుకూరి వీరేశలింగం 1878లో ప్రారంభించి 1880లో పుస్తకరూపంలో ప్రకటించిన ‘రాజశేఖర చరిత్రము’కు ‘వివేకచంద్రిక’ అన్న నామాంతరం ఉంది. 1906లో ‘విజ్ఞానచంద్రిక’ వచ్చింది. నీతి, వివేకం, విజ్ఞానం – ఈ మూడు మాటల మధ్య అర్ధశతాబ్దపు మార్పు ఉంది.

నీతి చెప్పడానికి చిన్నయసూరి పంచతంత్ర కథలను ఆశ్రయించారు. అక్కడ పాఠకుడు ప్రధానంగా విద్యార్థి. నీతి గురువు నోట ముందుగానే సిద్ధంగా ఉంటుంది, కథ దానికి దృష్టాంతం. వివేకం దగ్గరకు వచ్చేసరికి కథ దృష్టాంతస్థాయిని దాటింది. రాజశేఖరుడి కుటుంబం పడే కష్టాల్లో మూఢవిశ్వాసాల ఫలితం పాఠకుడికి క్రమంగా తెలుస్తుంది. ఏది మంచి, ఏది చెడు అన్న విచక్షణ పాఠకుడు చేసుకోవలసిన పని. విజ్ఞానం మాట మరొకటి. అది ఒక్క పుస్తకంలో ఇమడదు. చరిత్ర తెలిసినవాడికి రసాయనం తెలియకపోవచ్చు, రసాయనం తెలిసినవాడికి ధనోత్పత్తి సూత్రాలు తెలియకపోవచ్చు. అందువల్ల విజ్ఞానం గ్రంథమాల రూపాన్నే కోరుకొంటుంది. మొదటి రెండు చంద్రికలు ఒక్కొక్క పుస్తకానికి పేర్లు కాగా, మూడవది పుస్తకాల వరుసకు పేరు కావడం యాదృచ్ఛికం కాదు.

ఈ రూపం ఆనాటి ప్రపంచంలో కొత్తది కాదు. లైప్‌జిగ్ నగరంలో రెక్లామ్ సంస్థ తన చౌక గ్రంథమాలను 1867లోనే ప్రారంభించింది. లండనులో జె. ఎం. డెంట్ ‘ఎవ్రిమాన్స్ లైబ్రరీ’ని మొదలుపెట్టినది కూడ 1906లోనే. అయితే ఒక భేదాన్ని గుర్తించాలి. రెక్లామ్, డెంట్ సంస్థలు అప్పటికే ప్రసిద్ధమైన గ్రంథాలను ప్రధానంగా ఆశ్రయించాయి. ఉన్నదానిని చౌకగా అందించడం వాటి పని. విజ్ఞానచంద్రికకు ఆ సౌకర్యం లేదు. ఆధునిక శాస్త్రాల్లో తెలుగున ఎంపిక చేసుకోవడానికి తగిన గ్రంథాలు అంతగా లేవు. మండలికి ‘ఎంపిక’ అంటే విషయాన్ని నిర్ణయించడం, రాయగలవారిని వెదకడం, పరిభాషను కూర్చుకోవడం. అందువల్ల ఈ గ్రంథాల జాబితా సంపాదకవర్గపు ఆలోచనను ఇతర భాషల గ్రంథమాలల కంటె ప్రత్యక్షంగా తెలియజేస్తుంది.

మొదటి గ్రంథంగా జీవితచరిత్ర

మండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్రము (1907). పురాణం గాని, ప్రబంధానికి వచనం గాని, నవల గాని కాక అమెరికా అధ్యక్షుడి జీవితచరిత్ర మొదట రావడం విచారించవలసిన విషయం.

జీవితచరిత్ర కథకు, చరిత్రకు మధ్యస్థమైన ప్రక్రియ. కథలో వలె ఒక నాయకుడు, అతడి కష్టాలు, విజయం, మరణం ఇందులో ఉంటాయి. చరిత్రలో వలె తేదీలు, సంస్థలు, కారణాలు, పర్యవసానాలు ఉంటాయి. కథ వినడానికి అలవాటుపడిన పాఠకుడిని తేదీలు, కారణాలు గల వచనానికి మళ్ళించడానికి ఇంతకంటె అనువైన ప్రక్రియ లేదు. లింకను పెద్దగా బడి చదువు లేనివాడు. పుస్తకాలు చదివి తనను తాను తీర్చిదిద్దుకొన్నవాడు. చదువు ద్వారా ఎదగగోరే తెలుగు పాఠకుడికి ఆయన జీవితమే ఈ గ్రంథమాలకు ప్రవేశద్వారంగా నిలిచింది.

కాలసందర్భం కూడ గమనించాలి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశ పర్యటన జరిగింది. ఆ సందర్భంలోనే గాడిచర్ల రాజమహేంద్రవరం ట్రెయినింగ్ కళాశాల నుండి బహిష్కృతులయ్యారు. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలోని రచనకు రాజద్రోహ నేరంపై కారాగారవాసం అనుభవించారు. అటువంటి రచయిత బానిసత్వ నిర్మూలనకు పేరుపొందిన నాయకుడి చరిత్రను రాయడంలో రాజకీయార్థం స్పష్టమే. అయితే ఆ అర్థం పుస్తకంపై నినాదంగా లేదు. దూరదేశపు చరిత్ర అన్న ముసుగులో ఉంది. ‘విజ్ఞానం’ అన్న తటస్థమైన మాట ఆనాటి ప్రభుత్వం ఎదుట మండలికి రక్షణగా కూడ ఉపయోగపడిందని భావించవచ్చు. కనుక మండలి ఎంపికను కేవలం విద్యావ్యాప్తి దృష్టితో చదవడం అసమగ్రం.

శాస్త్రగ్రంథాలు: పేర్లు, పరిభాష

మండలి వెలువరించిన శాస్త్రగ్రంథాల్లో ఆచంట లక్ష్మీపతి ‘జీవశాస్త్రము’, మంత్రిప్రగడ సాంబశివరావు ‘పదార్థవిజ్ఞాన శాస్త్రము’, వేమూరి విశ్వనాథశర్మ ‘రసాయన శాస్త్రము’, కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్ర గ్రంథం ముఖ్యమైనవి. వీటిని నేటి శాస్త్రవేత్త దృష్టితో చదివితే సమాచారం చాలవరకు కాలం చెల్లినది. తెలుగు సాహిత్య పరిశోధకుడికి వీటిలో మిగిలి ఉన్న విలువ వేరు: ఒక భాష తనకు కొత్తైన విషయాన్ని చెప్పడానికి ఎలా పెనగులాడిందో ఈ పుస్తకాల్లో చూడవచ్చు.

శీర్షికల్లోని మాటలనే తీసుకొంటే, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం నేటికీ నిలిచాయి. ‘పదార్థవిజ్ఞాన శాస్త్రం’ మాత్రం ‘భౌతికశాస్త్రం’ అన్న మాటకు చోటిచ్చి తప్పుకొంది. ఇందుకు నిడివి ఒక కారణం కావచ్చు. అంతకంటె ముఖ్యమైనది అర్థసంబంధం. ‘పదార్థం’ అన్న మాటకు తర్కశాస్త్రంలో స్థిరమైన పారిభాషికార్థం ఉంది. ద్రవ్యం, గుణం, కర్మ మొదలైనవన్నీ వైశేషికులకు పదార్థాలే. ఆ మాటను భౌతికద్రవ్యానికి పరిమితం చేయడం సంస్కృత శాస్త్రపరిచయం గల పాఠకుడిని తికమకపెడుతుంది. ఆ పరిచయం లేని పాఠకుడికి మాట కొత్తది. ‘రసాయనం’ విషయంలో పరిస్థితి భిన్నం. ఆయుర్వేదంలో దానికున్న అర్థం కొత్త అర్థానికి విరోధం కాలేదు. మందు, భస్మం, పాకం అన్న అనుభవం మీదుగా పాఠకుడు కొత్త శాస్త్రానికి చేరగలిగాడు.

‘అర్థశాస్త్రం’ మరింత ఆసక్తికరం. కౌటిల్యుడి గ్రంథాన్ని ఆర్. శామశాస్త్రి 1909లో మైసూరులో ప్రచురించారు. అంటే రాజనీతిపరమైన ప్రాచీనార్థం పండితలోకంలో తిరిగి వెలుగులోకి వస్తున్న దశాబ్దంలోనే ఆ మాట ఆధునిక ఆర్థిక విచారణకు తెలుగులో స్థిరపడింది. ఆ గ్రంథకర్త రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యాన్ని, ‘కవిత్వతత్త్వ విచారము’ను రచించినవారు కూడ. కవిత్వం, విమర్శ, అర్థశాస్త్రం ఒకే కలం నుండి రావడం ఆ తరానికి వింత కాదు. నేటి సాహిత్య విద్యార్థికి రామలింగారెడ్డి విమర్శకుడిగానే పరిచితులు. ఆయన అర్థశాస్త్రం ఆయన సాహిత్య విమర్శలోని హేతుదృష్టితో కలిపి చదవవలసిన గ్రంథం.

ఈ గ్రంథాలు సరళ గ్రాంథికంలో వెలువడ్డాయి. 1911 తరువాత గ్రాంథిక వ్యావహారిక వాదం తీవ్రమైనప్పుడు చర్చ ప్రధానంగా పాఠ్యపుస్తకాల భాష చుట్టూ, కావ్యభాష చుట్టూ తిరిగింది. వ్యాకరణరూపాల కంటె పరిభాషే పాఠకుడికి పెద్ద అవరోధమన్న విషయం శాస్త్రగ్రంథాల్లో స్పష్టంగా తెలుస్తుంది. క్రియారూపం పాతదైనా అర్థమవుతుంది. పారిభాషిక పదం వెనుక అనుభవం లేకపోతే వాక్యమే నిలిచిపోతుంది. భాషావాదంలో శాస్త్రగ్రంథాల సాక్ష్యాన్ని ఇంకా విస్తృతంగా వినియోగించుకోవలసి ఉంది.

చారిత్రక నవల: కుతూహలం, దాని మూల్యం

తెలుగు నవలను ప్రోత్సహించినది మొదట విజ్ఞానచంద్రిక కాదు. 1890 దశకంలోనే ‘చింతామణి’ పత్రిక నవలల పోటీలు నిర్వహించింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం వంటి నవలారచయితలు ఆ పోటీల ద్వారా ప్రసిద్ధికి వచ్చారు. విజ్ఞానచంద్రిక కూడ పోటీలు పెట్టింది, కాని చారిత్రక నవలకు పెద్దపీట వేసింది. ‘రాణీ సంయుక్త’, కేతవరపు వేంకటశాస్త్రి ‘రాయచూరు యుద్ధము’, భోగరాజు నారాయణమూర్తి ‘విమలాదేవి’ వంటివి ఈ దారిలో వచ్చాయి.

నవలను విజ్ఞాన గ్రంథమాలలో చేర్చడానికి సంపాదకులకు ఒక సమర్థన అవసరం. కల్పనకు విజ్ఞానంలో చోటెక్కడ అన్న ప్రశ్నకు చారిత్రక నవల సులభమైన సమాధానం. కథ ద్వారా చరిత్ర తెలుస్తుందని చెప్పవచ్చు. నవలను చరిత్రకు తేనెగా వాడుకొన్న ఈ పద్ధతిలో ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి.

మేలు ఇది. రాయచూరు యుద్ధం 1520లో శ్రీకృష్ణదేవరాయలకు, బీజాపురపు ఇస్మాయిల్ ఆదిల్షాకు మధ్య జరిగిన చారిత్రక ఘటన. పోర్చుగీసు రచయిత నూనిజ్ దానిని వివరంగా వర్ణించాడు. ఆ వర్ణనను రాబర్ట్ సూయెల్ 1900లో వెలువరించిన విజయనగర చరిత్ర గ్రంథం ఇంగ్లీషు పాఠకులకు అందుబాటులోకి తెచ్చింది. యుద్ధసన్నాహం, సైన్యం నడక చరిత్రకు తెలిసిన విషయాలు. సైనికుడి ఇంట్లో ఆ రాత్రి జరిగిన సంభాషణ చరిత్రకు తెలియదు. నవల ఆ ఖాళీని కల్పనతో నింపుతుంది. అదే వరుసలో దేశచరిత్ర గ్రంథాన్ని కూడ అందుకొన్న పాఠకుడికి ‘ఇందులో జరిగినదెంత, కల్పించినదెంత’ అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. ఆ ప్రశ్నే చారిత్రక వివేచనకు ఆరంభం. గ్రంథమాల పద్ధతిలో పాఠకుడు తనకు నచ్చిన ఒక్క పుస్తకాన్ని కాక వరుసను స్వీకరిస్తాడు కనుక, నవల మాత్రమే చదివే పాఠకుడికి లేని అవకాశం ఇతడికి ఉంది. నవలను, చరిత్రను ఒకే అలమారలో ఉంచడం వల్ల కలిగిన అసలైన ప్రయోజనం ఇదే.

కీడు కూడ అదే అలమారలో ఉంది. లక్ష్మణరావు దేశచరిత్రను ‘హిందూ మహాయుగము’, ‘మహమ్మదీయ మహాయుగము’ అన్న శీర్షికలతో విభజించారు. పాలకుల మతాన్ని బట్టి యుగాలను విభజించే ఈ పద్ధతి జేమ్స్ మిల్ 1817లో వెలువరించిన బ్రిటిషు ఇండియా చరిత్ర ద్వారా స్థిరపడినది. లక్ష్మణరావు శాసనాలను, ఆధారాలను పరిశీలించే నిశితదృష్టి గల చరిత్రకారులు. మిల్‌కు భారతీయ నాగరికతపై ఉన్న చులకన భావాన్ని వారు అంగీకరించలేదు. అయినా యుగవిభజన చట్రం అలాగే మిగిలింది. చరిత్ర గ్రంథంలో ఈ చట్రం కాలసూచిక మాత్రమే కావచ్చు. నవలలోకి వచ్చేసరికి అది పాత్రల స్వభావంగా మారుతుంది. సంయుక్తా పృథ్వీరాజుల కథలోను, రాయచూరు యుద్ధకథలోను వస్తువును బట్టే ఒక వర్గం నాయకస్థానంలో, మరొక వర్గం ప్రతినాయకస్థానంలో నిలిచే అవకాశం ఎక్కువ. చరిత్రకారుడి శీర్షిక నవలాకారుడికి సిద్ధమైన సంఘర్షణను అందించింది. విజయనగర సైన్యంలో ముస్లిము సైనికులు ఉండడం, దక్కను సుల్తానుల ఆస్థానాల్లో హిందూ అధికారులు ఉండడం చరిత్రకు తెలిసినవే. గోలకొండ ఇబ్రహీం కుతుబ్షా తెలుగు కవులను పోషించిన సంగతి సాహిత్య విద్యార్థికి కూడ తెలిసినదే. రెండు శిబిరాలుగా తీర్చిన కథాసంవిధానంలో ఇటువంటి వాస్తవాలకు చోటు కుదరడం కష్టం.

చారిత్రక నవలకు ఇచ్చిన ప్రాధాన్యం వల్ల సమకాలీన జీవితం కూడ వెనుకబడింది. లక్ష్మణరావు సోదరి భండారు అచ్చమాంబ 1905లో మరణించేనాటికే కుటుంబజీవితంలో స్త్రీ స్థితిని కథావస్తువుగా స్వీకరించారు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. మండలి శాస్త్రగ్రంథాలు వర్తమాన ప్రపంచాన్ని వివరిస్తుండగా, మండలి నవలలు ఎక్కువగా గతంలోకి తీసుకువెళ్ళాయి. శరీరధర్మాలను, ధనోత్పత్తిని గురించి చదివిన పాఠకుడికి ఆ జ్ఞానం తన ఇంటి బతుకుతో ఎలా ముడిపడుతుందో చూపే నవల ఆ వరుసలో అరుదు. తెలుగు నవల ఆ పనికి పూనుకోవడానికి ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) వరకు వేచి ఉండవలసి వచ్చింది.

రెండవ మెట్టు

గ్రంథమాల తొలి పాఠకుడిని ఉద్దేశించినది. అందులోని ప్రతి శాస్త్రగ్రంథం మొదటి పాఠం నుండే మొదలవుతుంది. రసాయనశాస్త్రం చదివి ముగించిన పాఠకుడు ఇంకా తెలుసుకోగోరితే తెలుగులో అతడు చదవవలసిన తరువాతి పుస్తకం లేదు. అతడు ఇంగ్లీషుకైనా వెళ్ళాలి, లేక మరొక శాస్త్రంలో మొదటి పాఠమైనా చదవాలి. వరుస అడ్డంగా విస్తరించింది; నిలువుగా పెరగలేదు.

లక్ష్మణరావు ఈ కొరతను గుర్తించారనడానికి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ నిదర్శనం. గ్రంథమాల క్రమాన్ని సంపాదకుడు నిర్ణయిస్తాడు: ఇది ముందు, అది తరువాత. విజ్ఞాన సర్వస్వంలో క్రమం అకారాది. పాఠకుడు తన సందేహంతో వచ్చి, తనకు కావలసిన పుట తెరుస్తాడు. మొదటి దానిలో పాఠకుడు శిష్యుడు. రెండవ దానిలో ప్రశ్న అడిగేవాడు. ఆ విధంగా విజ్ఞాన సర్వస్వం గ్రంథమాలకు సహజమైన తరువాతి దశ. అది మూడు సంపుటాలు వెలువడి అకారం దాటకముందే, 1923 జూలై 12న లక్ష్మణరావు మరణించారు. కాశీనాథుని నాగేశ్వరరావు దానిని పునరుద్ధరించ పూనుకొన్నా సంకల్పించిన రీతిలో పూర్తి కాలేదు. అకారం దగ్గర ఆగిన విజ్ఞాన సర్వస్వం గురించి సాహిత్య చరిత్రలు విషాదఘట్టంగా చెబుతాయి. దానిని వ్యక్తి మరణానికి మాత్రమే ముడిపెట్టడం చాలదు. అంత పెద్ద కార్యానికి కావలసిన రచయితల సంఖ్యను, వ్యవస్థను సమకూర్చగల విశ్వవిద్యాలయం అప్పటికి తెలుగునాట లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది 1926లో. నెల్లూరు సీమకు చెందిన బెజవాడ గోపాలరెడ్డి ఆధ్వర్యంలో 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి విజ్ఞాన సర్వస్వాన్ని విషయానుసారంగా సంపుటీకరించింది. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క సంపుటమన్న ఆ పద్ధతి ఆచరణకు అనువైనదే. అయితే అకారాది క్రమంలో పక్కపక్కన నిలిచే కవి, కీటకం, గ్రహం వేర్వేరు సంపుటాలకు వెళ్ళిపోయాయి.

చీలిన అలమార

తరువాతి దశాబ్దాల్లో ఈ విడిపోవడం సంపూర్ణమైంది. ఎం. శేషాచలం అండ్ కో వారి ఎమెస్కో ‘ఇంటింటి గ్రంథాలయం’ చౌక ధరకు పుస్తకాన్ని మధ్యతరగతి ఇంటికి చేర్చింది. ప్రాచీన కావ్యాలను కూడ అది అందించిన మాట నిజమే. కాని దాని పేరు పాఠకుల జ్ఞాపకంలో ప్రధానంగా నవలతో ముడిపడింది. మరొకవైపు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి శాస్త్రగ్రంథాలను తెలుగులో విస్తారంగా వెలువరించింది. లక్ష్మణరావు కాలంలో లేని రెండవ మెట్టు పరిభాష పరంగా ఇక్కడ ఏర్పడింది. అయితే ఆ మెట్టు పరీక్షార్థి కోసం ఏర్పడింది. పరీక్ష ముగిసిన తరువాత ఆ పుస్తకాన్ని చదువుకొనే పాఠకుడిని అది ఊహించలేదు. నవల కాలక్షేపానికి, శాస్త్రం పరీక్షకు అన్న విభజన ఇలా స్థిరపడింది.

దీనికి ఎదురీదిన ప్రయత్నాలు లేకపోలేదు. కొడవటిగంటి కుటుంబరావు కథను, విజ్ఞానవ్యాసాన్ని ఒకే వచనంలో, ఒకే హేతుదృష్టితో రాశారు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో టాల్‌స్టాయ్ నవలతో పాటు బాలల విజ్ఞాన గ్రంథాన్ని కూడ అందించాయి. 1980లో కార్యరంగంలోకి వచ్చిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అలెక్స్ హేలీ నవలకు సహవాసి చేసిన అనువాదం ‘ఏడుతరాలు’తో పాటు ఆరోగ్య, చరిత్ర గ్రంథాలను పక్కపక్కన నిలిపింది. అమెరికా బానిసత్వం ఇతివృత్తంగా గల ‘ఏడుతరాలు’ ఆ సంస్థ తొలినాళ్ళ పుస్తకం కావడం, విజ్ఞానచంద్రిక లింకను చరిత్రతో మొదలుకావడం పోల్చదగినవి. లింకను చరిత్రలో విముక్తి నాయకుడి వైపు నుండి కనిపిస్తుంది. ‘ఏడుతరాలు’లో బానిస కుటుంబం వైపు నుండి కనిపిస్తుంది. తెలుగు పాఠకుడి ముందుంచిన ప్రపంచచరిత్ర కోణం డెబ్బయి మూడేళ్ళలో ఎంత మారిందో ఈ రెండు పుస్తకాలు తెలుపుతాయి.

కావలిలో ఒక రెండవ గ్రంథం

ఈ చర్చను ఒక ప్రాంతం నుండి చూస్తే మరింత స్పష్టమవుతుంది. 1899లో పూర్తయిన మదరాసు – బెజవాడ రైలుమార్గంలో నెల్లూరు జిల్లా తీరాన ఉన్న పట్టణం కావలి. బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసనసంపుటాలు 1905లో వెలువడ్డాయి. జిల్లాలోని ఇతర తాలూకాలతో పాటు కావలి తాలూకా శాసనాలు కూడ వాటిలో ఉన్నాయి. శాసనం తెలుగులో, వివరణ ఇంగ్లీషులో, పుస్తకం ప్రభుత్వ కార్యాలయంలో – ఇదీ ఆనాటి పరిస్థితి. తన ఊరి గుడిలోని రాయి ఏమి చెబుతున్నదో కావలి పాఠకుడు తెలుగు వచనంలో తెలుసుకోవడానికి దారి వేసినది 1910లో మొదటి భాగం వెలువడిన ‘ఆంధ్రుల చరిత్రము’ వంటి రచనలే. తొలి మెట్టుగా విజ్ఞానచంద్రిక సాధించిన విజయాన్ని ఇక్కడ నిస్సందేహంగా అంగీకరించాలి.

రెండవ మెట్టు ఎలా ఉంటుందో చూపిన గ్రంథం కూడ ఈ ప్రాంతానికి చెందినదే. కావలి జవహర్ భారతి కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసిన కె. వి. రమణారెడ్డి గురజాడపై రచించిన ‘మహోదయం’ 1969లో వెలువడింది. జాతీయ పునరుజ్జీవన నేపథ్యంలో గురజాడను నిలిపిన ఈ గ్రంథం విశ్వవిద్యాలయ పట్టం కోసం రాసిన సిద్ధాంతగ్రంథం కాదు. ప్రారంభపాఠకుడి కోసం రాసిన పరిచయగ్రంథమూ కాదు. ‘కన్యాశుల్కం’ చదివిన పాఠకుడు, పందొమ్మిదో శతాబ్దపు ఆర్థిక, సామాజిక చరిత్ర కొంత తెలిసిన పాఠకుడు దీనికి ఉద్దిష్టుడు. సాహిత్యపాఠాన్ని, లేఖలను, దినచర్యలను, భూమిసంబంధాల చరిత్రను కలిపి చదవగల పాఠకుడు ఉన్నాడన్న నమ్మకం మీద ఆ గ్రంథం నిలిచింది. రమణారెడ్డి స్వయంగా కవి; విప్లవ రచయితల సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆయన నిర్ణయాలన్నింటినీ అంగీకరించవలసిన అవసరం లేదు. గురజాడను ఒక చారిత్రక క్రమానికి ప్రతినిధిగా నిలపడంలో వ్యక్తిగత సందిగ్ధాలు కొన్ని పలచబడతాయన్న అభ్యంతరం చర్చించదగినదే. కాని పాఠకుడిపై ఉంచిన గౌరవం విషయంలో ‘మహోదయం’ విజ్ఞానచంద్రికను దాటి ముందుకు వెళ్ళింది. అది పాఠకుడికి విజ్ఞానాన్ని వడ్డించలేదు, పాఠకుడితో వాదించింది.

ఇటువంటి గ్రంథం తాలూకా పట్టణంలోని కళాశాల అధ్యాపకుడి నుండి రావడం గమనించదగిన అంశం. రెండవ మెట్టుకు సంస్థ సహాయం ఎంత అవసరమో, సంస్థ హద్దుల్లో ఇమడని పాఠకసమాజం కూడ అంతే అవసరం. విజ్ఞానచంద్రికకు ఆ సమాజం కొంత ఉంది. సంస్థాగతమైన రచయితల బలం లేదు. తెలుగు అకాడమికి రచయితలు ఉన్నారు. పరీక్షకు వెలుపలి పాఠకుడు లేడు. ‘మహోదయం’ వెనుక ఈ రెండూ కొంతమేరకైనా కలిసి ఉన్నాయి.

ముగింపు

విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఎంపికను ఒక సమగ్ర పాఠంగా చదివినప్పుడు మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, నవలను, శాస్త్రాన్ని ఒకే వరుసలో ఉంచడం వల్ల పాఠకుడిలో వాస్తవానికి, కల్పనకు మధ్య వివేచన పెరిగే అవకాశం ఏర్పడింది. రెండవది, చారిత్రక నవలకు ఇచ్చిన ప్రాధాన్యం చరిత్రగ్రంథంలోని యుగవిభజనను పాఠకుడి భావోద్వేగంలోకి చేర్చింది, సమకాలీన జీవితాన్ని వెనుకకు నెట్టింది. మూడవది, తొలి పాఠకుడికి తరువాతి గ్రంథం లేకపోవడం వల్ల ఆ జిజ్ఞాస ఇంగ్లీషుకు గాని, కాలక్షేపానికి గాని మళ్ళింది.

ఈ పరిశీలన పరిశోధనా పద్ధతికి కూడ వర్తిస్తుంది. నవలపై జరిగే పరిశోధనలో ఆ నవల ఏ గ్రంథమాలలో, ఏ పుస్తకాల సరసన వెలువడిందన్న ప్రశ్నకు చోటుండాలి. శాస్త్రగ్రంథాలను భాషాశాస్త్ర విభాగానికి వదలక, వచనరచనలుగా సాహిత్య విభాగాలు స్వీకరించాలి. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం, 1914లో బెజవాడలో జరిగిన తొలి గ్రంథాలయ ప్రతినిధుల సభ, గ్రంథమాలలు కలిపి రూపొందించిన పాఠకచరిత్రను జిల్లావారీగా రాయవలసి ఉంది. పాత గ్రంథాలయాల ప్రవేశపట్టికల్లో, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొన్న లెక్కల్లో ఆ చరిత్రకు ఆధారాలు దొరుకుతాయి. ‘రాణీ సంయుక్త’ తీసుకువెళ్ళిన పాఠకుడు మరునెలలో ‘జీవశాస్త్రము’ అడిగాడా లేదా అన్నది ఆ లెక్కలు చెప్పవలసిన సంగతి. శిథిలమయ్యేలోగా వాటిని సేకరించి భద్రపరచడం తెలుగు శాఖలు ముందుగా చేపట్టవలసిన పని.